చెరువు చూడాలా, కొలవాలా? ఉచిత ఉపగ్రహ డేటా కోసం ఏ వెబ్‌సైట్ తెరవాలి

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా చిన్నమ్మ కొడుకు ఫోన్ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. “అన్నా, మన చెరువు మిషన్ కాకతీయకు ముందు ఎంతుండె, ఇప్పుడెంతుంది? శాటిలైట్‌లో అన్నీ కనపడతాయంటరు కదా. ఏ వెబ్‌సైటో చెప్పు, చాలు” అన్నాడు. మిషన్ కాకతీయ అంటే తెలంగాణలో చెరువుల పూడిక తీసిన పథకం.

ఉపగ్రహ చిత్రాలు దించుకోవడం, కొలవడం, మ్యాపులు చేసివ్వడం నా రోజువారీ పని. అందుకే ఇలాంటి ప్రశ్న నెలకు రెండు మూడుసార్లైనా వస్తుంది. ఒకరికి చెరువు, ఒకరికి ప్లాటు, ఇంకొకరికి ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అందరూ అడిగేది వెబ్‌సైట్ పేరే. నేను తిరిగి అడిగేది వేరు: చూస్తే చాలా, కొలవాలా, లేక ఎవరికైనా చూపించి ఒప్పించాలా? ఇది తేల్చుకోకుండా మొదలుపెట్టినవాళ్లు, చూస్తే సరిపోయే పనికి జీబీల కొద్దీ ఫైళ్లు దించుకుని కూర్చుంటారు. కొలవాల్సిన పనికేమో గూగుల్ ఎర్త్ స్క్రీన్‌షాట్ పట్టుకొస్తారు.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. కింద చెప్పేవి దాదాపు అన్నీ ఉచితమే, ఒకదానికి మాత్రం షరతు ఉంది, అక్కడికొచ్చినప్పుడు చెబుతాను. ఒకప్పుడు ఇలా లేదు. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ చిత్రం ఒక్కోటి 600 డాలర్ల దాకా పలికేది. 2008లో అమెరికా ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ యూఎస్‌జీఎస్ ఆ పాత చిత్రాలన్నిటినీ జనానికి తెరిచేసింది. యూరప్ వాళ్ల సెంటినల్ ఉపగ్రహాల డేటా మొదటి నుంచీ ఉచితమే. మన దేశంలో 2023 నాటి అంతరిక్ష విధానం, చిత్రంలోని ఒక్కో చుక్క (పిక్సెల్) నేల మీద 5 మీటర్లు లేదా అంతకన్నా పెద్దదిగా ఉండే డేటాను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని చెప్పింది. కాబట్టి ఇప్పుడు ఎంచుకోవాల్సింది ధర చూసి కాదు, పిక్సెల్ చూసి, తేదీ చూసి, మబ్బు చూసి.

పిక్సెల్‌ను గజాల్లోకి మార్చుకోండి

ప్రతి వెబ్‌సైట్‌లోనూ 10 మీటర్లు, 30 మీటర్లు, 250 మీటర్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి మనకు ఏమీ తట్టదు. గజాలు, సెంట్లు అంటే మాత్రం వెంటనే కళ్లకు కడుతుంది.

యూరప్ సెంటినల్-2 పిక్సెల్ ఒక్కోటి 10 మీటర్లకు 10 మీటర్లు. అంటే దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లు. అందులో ఇల్లూ వేపచెట్టూ వాకిలీ అన్నీ ఉన్నా ఉపగ్రహం ఇచ్చేది ఒకే అంకె. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్‌లో మూడు కెమెరాలున్నాయి: లిస్-4 పిక్సెల్ 40 గజాలు, లిస్-3 పిక్సెల్ 14 సెంట్లు, ఏవైఫ్స్ పిక్సెల్ ముప్పావెకరం. నాసా మోడిస్‌కు వెళ్తే ఒక్క పిక్సెల్‌లోనే పదిహేనెకరాలు పడతాయి. వాతావరణం చూసే ఇన్సాట్ థర్మల్ చిత్రంలో ఒక్క పిక్సెల్ నాలుగు కిలోమీటర్లు, అంటే దాదాపు నాలుగు వేల ఎకరాలు. ఊరికి ఊరే ఒక చుక్క.

ఇప్పుడు మా చెరువు సంగతి. నిండితే సుమారు యాభై ఎకరాలు. ల్యాండ్‌శాట్‌లో అది 225 పిక్సెళ్లు, సెంటినల్-2లో రెండు వేల పైచిలుకు. రెండూ సరిపోయేలాగే ఉన్నాయి కదా అనిపిస్తుంది. చిక్కంతా అంచుల్లో ఉంది. చెరువు గుండ్రంగా ఉందనుకుంటే, సగం నీళ్లు సగం బురద పడే అంచు పిక్సెళ్లు ల్యాండ్‌శాట్‌లో దాదాపు పావు వంతు, సెంటినల్‌లో పన్నెండో వంతు. మన చెరువులు గుండ్రంగా ఉండవు. కట్ట ఒకవైపు, మిగతా అంతా వేళ్లలా పొలాల్లోకి చొచ్చుకుపోయి ఉంటుంది కాబట్టి అంచులు ఇంకా ఎక్కువ. ‘ల్యాండ్‌శాట్ ప్రకారం ఈ యాభై ఎకరాల చెరువు ఐదు శాతం తగ్గింది’ అని ఎవరైనా చెబితే నేను నమ్మను. సగానికి సగం తగ్గిందంటే నమ్ముతాను.

చూడటానికి గూగుల్ ఎర్త్, అక్కడితో ఆగొద్దు

ప్లాటు చూసుకోవాలి, కట్ట ఎక్కడుందో చూడాలి, ఎప్పుడు వెంచర్ వేశారో తెలుసుకోవాలి అనుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో వేసుకోండి. 2015 నుంచి ఉచితం. అందులో గడియారం బొమ్మ నొక్కితే పాత చిత్రాలు వరసగా వస్తాయి. డాలస్‌లో ఉండి శంకర్‌పల్లిలో 200 గజాల స్థలం మీద కన్నేసి ఉంచాలనుకునేవారికి ఇంతకన్నా మంచిది ఉచితంగా దొరకదు. సెంటినల్‌లో ఆ ప్లాటు రెండు చుక్కలు కూడా కాదు.

హైదరాబాద్‌లో 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడ్డాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు), బఫర్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు ఉండకూడని జాగా) అనే మాటలు ఇరిగేషన్ ఆఫీసు దాటి ఇళ్లల్లోకి వచ్చాయి. స్థలం కొనేముందు గూగుల్ ఎర్త్‌లో పాత వానాకాలం చిత్రాలు తిరగేసేవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు. మంచి అలవాటే. ఒక్క జాగ్రత్త: అక్కడ చిత్రాలు ఎప్పుడు పడితే అప్పుడు ఉండవు. మన ఊళ్లకు చాలావరకు ఎండాకాలం చిత్రాలే ఉంటాయి, ఎందుకంటే ఆకాశం తేటగా ఉండేది అప్పుడే. ఏప్రిల్ చిత్రంలో నీళ్లు లేవని అది చెరువు కాదనుకుంటే మునిగినట్టే. ఆ చిత్రం ఒట్టి ఫోటో కూడా. అందులో పరారుణ కాంతి (కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్) కొలతలు ఉండవు కాబట్టి నీరెంత, పచ్చదనమెంత అని లెక్క తీయలేం. చేత్తో గీత గీసి కొలవడమే.

తీరిక లేనివాళ్లు గూగుల్ ఎర్త్ టైమ్‌లాప్స్ తెరిస్తే చాలు. 1984 నుంచి ఏడాదికొక చిత్రం చొప్పున కదిలిపోతుంది. కొల్లేరు మీద పెట్టి చూడండి. చేపల చెరువుల గట్లు గళ్లుగళ్లుగా పాకుకుంటూ రావడం, ఆ గట్లను తెంచిన 2005-06 ఆపరేషన్ కొల్లేరులో కొన్ని గళ్లు చెదిరిపోవడం, ఆ తర్వాత కథ, అన్నీ నిమిషంలో కనిపిస్తాయి.

అసలు పోటీ: కోపర్నికస్ బ్రౌజరా, ల్యాండ్‌శాటా?

కొలిచే పనికి వచ్చాక నేను మొదట తెరిచేది కోపర్నికస్ బ్రౌజర్. యూరప్ వాళ్ల పాత డౌన్‌లోడ్ సైట్ 2023లో మూతబడ్డాక దాని స్థానంలో వచ్చిన కోపర్నికస్ డేటా స్పేస్‌లో ఇదొక భాగం. చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు, దించుకోవాలంటే ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి.

కొత్తవాళ్లకు ఇదే ఎందుకు చెబుతానంటే, పూర్తి ఫైలు దించుకోవాల్సిన పని తప్పుతుంది. సెంటినల్-2 చిత్రాలు వంద కిలోమీటర్ల పైచిలుకు గళ్లుగా కోసి ఉంటాయి, ఒక్కో గడి ఒక జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. యాభై ఎకరాల చెరువు కోసం జిల్లా అంత బొమ్మ దించుకోవడం ఎందుకు? బ్రౌజర్‌లో చెరువు చుట్టూ గీత గీసి, అంతవరకే టిఫ్ ఫైలుగా తీసుకోవచ్చు. ఎన్‌డీడబ్ల్యూఐ అనే పొర నొక్కితే నీళ్లు వేరే రంగులో తేలతాయి. నీరు పరారుణ కాంతిని మింగేస్తుంది, ఆకులు దాన్ని వెనక్కి కొడతాయి. ఈ తేడాను లెక్కలో పెట్టడమే ఆ సూచిక చేసే పని. రెండు తేదీలు పక్కపక్కన పెట్టి తెర జరిపినట్టు జరుపుతూ పోల్చవచ్చు, చిన్న వీడియోలా చేసుకోవచ్చు.

తేదీలు కూడా ఇక్కడే ఎక్కువ దొరుకుతాయి. సెంటినల్-2 జంట ఐదు రోజులకొకసారి అదే చోటికి వస్తుంది, అదీ ఉదయం పదిన్నర ప్రాంతంలో. ల్యాండ్‌శాట్ 8, 9 ఒక్కోటి 16 రోజులకు, రెండూ కలిపి 8 రోజులకు. వానాకాలంలో ఈ తేడా ప్రాణం మీదికొస్తుంది. నెలకు ఆరుసార్లు ఫోటో తీస్తే ఒక్కసారైనా మబ్బుల సందు దొరికే ఆశ ఉంటుంది, నాలుగుసార్లైతే ఆ ఆశ సన్నగిల్లుతుంది.

మరి ల్యాండ్‌శాట్ ఎందుకంటే, పాతకాలం కోసం. సెంటినల్-2లో మొదటిది 2015 జూన్‌లో ఎగిరింది. మిషన్ కాకతీయ తొలి విడత పనులూ ఆ వేసవిలోనే. అంటే ‘పూడికతీతకు ముందు’ అన్న ఫోటో సెంటినల్ దగ్గర లేదు. అది ల్యాండ్‌శాట్ దగ్గరే ఉంది. 1972లో మొదటిది ఎగిరింది, 1980ల నుంచి 30 మీటర్ల చిత్రాలు ఉన్నాయి. యూఎస్‌జీఎస్ ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లో లాగినై దించుకోవాలి. ఆ సైట్ చూడటానికి రైల్వే రిజర్వేషన్ ఫారంలా ఉంటుంది గానీ పని చేస్తుంది.

ఇందులో ఒక గుంట ఉంది, తెలియనివాళ్లు తప్పకుండా పడతారు. ల్యాండ్‌శాట్-7లో చిత్రాన్ని సరిచేసే పరికరం ఒకటి 2003 మే 31న చెడిపోయింది. అప్పటినుంచి దాని చిత్రాల్లో నల్ల చారలు, ప్రతి చిత్రంలోనూ ఐదో వంతుకు పైగా డేటా ఉండదు. ల్యాండ్‌శాట్-5 పని 2011 నవంబరులో ఆగింది, ల్యాండ్‌శాట్-8 ఎగిరింది 2013 ఫిబ్రవరిలో. మధ్యలో 2012 అంతా ఆ చారల చిత్రాలే గతి. ‘2012లో మా చెరువు’ అని ఎవరైనా అడిగితే నేను ల్యాండ్‌శాట్ మొహం చూడను, నేరుగా మన దేశపు సైట్ భూనిధికి వెళ్తాను, దాని సంగతి కింద చెబుతాను.

ఇంకొక మాట. ముందు ల్యాండ్‌శాట్, తర్వాత సెంటినల్ పెట్టి పోల్చొద్దు. కొలబద్ద మార్చి కొలిస్తే తేడా చెరువుదో కొలబద్దదో తెలియదు. ముందూ తర్వాతా రెండూ ల్యాండ్‌శాట్‌తో పోల్చండి. సెంటినల్‌తో తర్వాతి సంవత్సరాల లోపలి మార్పులు చూడండి.

1960ల నాటి చెరువు కావాలంటే కూడా ఒక దారి ఉంది. ‘కరోనా’ అనే అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫిల్మ్ ఫోటోలు 1995 తర్వాత బయటపెట్టారు, అవి కూడా ఎర్త్ ఎక్స్‌ప్లోరర్‌లోనే ఉన్నాయి. అన్ని ఊళ్లకూ ఉండవు. స్కాన్ అయినవి ఉచితం, కానివి డబ్బు కట్టి స్కాన్ చేయించుకోవాలి. నలుపు తెలుపు ఫోటోలే, కానీ కొన్నిట్లో రెండు మీటర్ల వస్తువు కూడా తెలుస్తుంది. బోర్లు రాకముందు ఊరు ఎలా ఉండేదో చూస్తే గుండె ఒక్కసారి ఆగుతుంది.

మన ఇంట్లోదే: భువన్, భూనిధి

ఈ రెంటినీ చాలామంది కలిపేస్తారు. హైదరాబాద్ బాలానగర్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపేవే రెండూ. భువన్ 2009 ఆగస్టులో వచ్చింది, అది చూసుకునే మ్యాపు. భూనిధి డేటా దించుకునే గిడ్డంగి. షాద్‌నగర్‌లోని యాంటెన్నాలు ఉపగ్రహాల నుంచి అందుకున్నది ఇక్కడికే చేరుతుంది.

భువన్‌ను గూగుల్ ఎర్త్‌తో పోల్చి పెదవి విరిచేవాళ్లు ఎక్కువ. ఫోటో నాణ్యత కోసం వెళ్తే నిరాశే. నేను వెళ్లేది వేరే దానికోసం: భూ వినియోగం మ్యాపులు, బంజరు భూముల మ్యాపులు, వరద మ్యాపులు. ఇవి నిపుణులు కూర్చుని గీసినవి, మనం మళ్లీ గీయలేం. ఉపాధి హామీ పనుల జియోట్యాగ్ (ఎక్కడ తీశారో గుర్తున్న) ఫోటోలు కూడా అందులో ఉన్నాయి. మీ ఊళ్లో తవ్వినట్టు రాసిన నీటి కుంట నిజంగా ఎక్కడుందో మ్యాపు మీద చుక్క, పక్కన ఫోటో. ఇది ప్రపంచంలో ఇంకే వెబ్‌సైట్ ఇవ్వదు.

భూనిధిలో అసలు సరుకు లిస్-4. నలభై గజాల పిక్సెల్ ఉచితంగా దొరకడం చిన్న విషయం కాదు. చిన్న కమతాలకు, సన్నటి కాలువలకు, అలుగు దగ్గర మార్పులకు సెంటినల్ కన్నా ఇది మేలు. దాని లోటు తరచుదనం: ఒక్కో చిత్రం వెడల్పు 70 కిలోమీటర్లే, కావాల్సిన వారంలో మీ ఊరి మీదుగా వచ్చి ఉండకపోవచ్చు. లిస్-3 24 రోజులకొకసారి, ఏవైఫ్స్ ఐదు రోజులకొకసారి. ఎత్తుపల్లాల కోసం కార్టోశాట్-1 నుంచి తయారైన కార్టోడెమ్ కూడా ఇక్కడుంది. చెరువులోకి నీళ్లు ఏ వాలు నుంచి వస్తాయో చూడాలనుకునేవారికి పనికొస్తుంది. కొన్ని వెంటనే దిగుతాయి, కొన్నిటికి ఆర్డర్ పెట్టి వేచి ఉండాలి. రేపు ఉదయానికి కావాలంటే భూనిధి మీద ఆధారపడొద్దు. వారం టైముంటే ముందు అక్కడే వెతకండి.

కోడింగ్ వస్తే

పైథాన్ లేదా జావాస్క్రిప్ట్ కాస్త తెలిసినవాళ్లకు గూగుల్ ఎర్త్ ఇంజిన్ తర్వాతే మిగతావన్నీ. ల్యాండ్‌శాట్, సెంటినల్, మోడిస్, వానల డేటా అన్నీ వాళ్ల కంప్యూటర్లలోనే ఉంటాయి. మనం ఇరవై లైన్లు రాసి పంపిస్తే, నలభై ఏళ్ల చిత్రాలన్నీ తిరగేసి, మబ్బులు తీసేసి, ఏడాదికొక అంకె చేతికిస్తుంది. మన ల్యాప్‌టాప్ మీద బరువు పడదు, హాస్టల్ వైఫైతోనే అయిపోతుంది. ఎమ్మెస్సీ, ఎంటెక్ పిల్లలకు కళ్లు మూసుకుని ఇదే చెబుతాను.

ముందు చెప్పిన షరతు ఇక్కడిదే. చదువుకు, పరిశోధనకు, లాభాపేక్ష లేని పనికి ఉచితం. డబ్బు తీసుకుని ఎవరికైనా రిపోర్టు చేసిస్తే అది వ్యాపారం కిందకొస్తుంది, దానికి వేరే ఒప్పందం కావాలి. క్లౌడ్ ప్రాజెక్టు ఒకటి తెరిచి, ఏ పనికి వాడతారో రాసివ్వాలి. వ్యాపారం చేసేవాళ్లలో కొందరు మైక్రోసాఫ్ట్ ప్లానెటరీ కంప్యూటర్ నుంచి డేటా లాక్కుని సొంత మెషీన్ మీద నడుపుకుంటారు. అది బాగా కోడింగ్ వచ్చినవాళ్లకే.

ఎర్త్ ఇంజిన్ మీద నాకున్న ఒకే ఒక అసంతృప్తి: కోడ్ నడుస్తుంది, అంకె వస్తుంది, చిత్రం ఒక్కటైనా కళ్లతో చూడకుండా థీసిస్ అయిపోతుంది. గుర్రపు డెక్క కప్పేసిన చెరువును నీటి సూచిక పొలంగా లెక్కేస్తుంది. కొల్లేరులో అయితే దీనికి తలకిందులు: చేపల చెరువుల్లో కూడా నీళ్లే కదా, కాబట్టి ‘నీటి విస్తీర్ణం పెరిగింది’ అని వస్తుంది. పెరిగింది చెరువులు, తగ్గింది సరస్సు. తిన్నటి గట్లు చూసిన మనిషికి క్షణంలో తెలిసే తేడా అది.

మబ్బు పట్టినప్పుడు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతున్నప్పుడు, నాకు తెలిసిన విలేకరి ఒకాయన ఫోన్ చేశారు: “సార్, ఈరోజు శాటిలైట్ ఫోటో ఉంటుందా?” వరద వచ్చిందంటే పైన మబ్బు ఉన్నట్టే. అలాంటప్పుడు సెంటినల్-2, ల్యాండ్‌శాట్, లిస్ అన్నీ తెల్లటి దూదే చూపిస్తాయి. రాడార్ ఒక్కటే దిక్కు. అది తన సంకేతం తనే పంపుకుంటుంది, మబ్బు దానికి లెక్కలేదు, రాత్రి కూడా పనిచేస్తుంది.

ఉచితంగా దొరికేది సెంటినల్-1, కోపర్నికస్ బ్రౌజర్‌లోనే. మన ఈఓఎస్-04 కూడా రాడారే. ఇవి కాక, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నాసా-ఇస్రో నైసార్ 12 రోజులకొకసారి అదే చోటును చూసేలా తిరుగుతుంది. రాడార్ చిత్రంలో నిశ్చలంగా ఉన్న నీళ్లు నల్లగా కనపడతాయి, ఎందుకంటే సంకేతం అద్దం మీద పడ్డట్టు జారి పక్కకు పోతుంది. పొలాల్లో నిలిచిన నీళ్లకు ఇది భలే పనిచేస్తుంది. విజయవాడ సింగ్‌నగర్ లాంటి, ఇళ్లు కిక్కిరిసిన చోట పనిచేయదు. నీళ్ల మీద పడిన సంకేతం గోడకు తగిలి వెనక్కొచ్చి ఇంకా తెల్లగా మెరుస్తుంది. మునిగిన వీధి పొడిగా ఉన్నట్టే కనిపిస్తుంది. అందుకే ఆ విలేకరికి, నగరం లోపలి ముంపు కోసం రాడార్ బొమ్మను ఒంటరిగా నమ్మొద్దని, ఎన్‌ఆర్‌ఎస్‌సీ వరద మ్యాపులు వస్తాయేమో భువన్‌లో చూడమని చెప్పాను.

చెరువు కాని ప్రశ్నలు, గబగబా

వాన లెక్క కావాలంటే: ఒక ఊరికి పాత వానల అంకెలు వెంటనే కావాలనుకుంటే నాసా పవర్ సైట్‌లో మ్యాపు మీద నొక్కండి, 1981 నుంచి రోజువారీ పట్టిక దిగుతుంది. పెద్ద గడుల సగటు అది, మీ పొలంలో పడిన జల్లు కాదు. మన వాతావరణ శాఖ ఐఎండీ పుణె వాళ్ల గడుల వర్షపాతం 1901 నుంచి ఉంది, వానమాపకాల నుంచి తీసింది కాబట్టి మన నేలకు నేను దీన్నే ముందు పెడతాను.

తుపాను కదలికకు అహ్మదాబాద్ ఇస్రో కేంద్రం నడిపే మాస్‌డాక్‌లో ఇన్సాట్ చిత్రాలు అరగంటకొకటి వస్తాయి. నాసా వరల్డ్‌వ్యూ రోజుకొక చిత్రం ఇస్తుంది, చూడముచ్చటగా, లాగిన్ లేకుండా. పిల్లలకు చూపించడానికి అంతకన్నా మంచిది లేదు.

నల్లమలలో మంటలకు నాసా ఫర్మ్స్. ఉపగ్రహం చూసిన మూడు గంటల్లోపు ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్క 375 మీటర్ల గడికి మధ్య బిందువు మాత్రమే, మంట ఆ గడిలో ఎక్కడైనా ఉండొచ్చు. ఉక్కు ఫర్నేసులు, గ్యాస్ మంటలు కూడా అందులో చుక్కలే. ఆ ఉపగ్రహాలు వచ్చేది మధ్యాహ్నం, అర్ధరాత్రి దాటాక ఒకటిన్నర ప్రాంతాల్లో. సాయంత్రం ఐదింటికి వరికొయ్యలు తగలబెట్టి ఆరింటికి ఆర్పేస్తే దానికి తెలియదు.

గాలి కాలుష్యానికి సెంటినల్-5పి ఉంది. అది నేల నుంచి పైదాకా మొత్తం గాలిలో వాయువెంతో చెబుతుంది, మీ ముక్కు దగ్గరున్నది కాదు. మీ కాలనీ సంగతి తెలియాలంటే నేల మీది కొలత కేంద్రాల అంకెలే దిక్కు. సముద్రం మీదికెళ్లేవాళ్లకు చిత్రాలతో పనిలేదు, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ వాళ్లే సముద్రపు వేడి, పచ్చదనం చూసి చేపలు ఎక్కడ ఉండొచ్చో చెబుతున్నారు.

నేను తిన్న దెబ్బ

రెండేళ్ల క్రితం ఒక సంస్థకు పంటల పచ్చదనం రిపోర్టు చేస్తున్నాను. 2021 రబీకి ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) 0.75 వచ్చిన పొలాలకే 2022లో 0.50 వచ్చింది. తెగులా, నీళ్లు అందలేదా అని రెండు రోజులు టెన్షన్. రిపోర్టులో ‘పచ్చదనం మూడో వంతు పడిపోయింది’ అని రాసేశాను కూడా, పంపలేదు అంతే.

తప్పు పంటది కాదు. 2022 జనవరి 25 నుంచి సెంటినల్-2 ఫైళ్లలో అంకెలు తయారుచేసే పద్ధతి మారింది. ప్రతి పిక్సెల్ అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు, వాడేవాళ్లు తీసేసుకోవాలి. నేను తీయలేదు. ఎర్రకాంతి 500, పరారుణం 3500 ఉన్న పొలానికి లెక్క 0.75. రెంటికీ వెయ్యి కలిపి 1500, 4500 చేస్తే 0.50. పైరు ఎక్కడిదక్కడే ఉంది, వెయ్యి కలిసిందంతే.

తేదీ చూసి తీసేస్తే సరిపోతుందనుకోవద్దు, పాత చిత్రాలను కూడా కొత్త పద్ధతిలో తిరిగి చేసి పెట్టారు. ఫైలు పేరులో ‘ఎన్’ అక్షరం పక్కన నాలుగంకెలు ఉంటాయి, అవి 0400 లేదా అంతకన్నా పెద్దవైతే వెయ్యి తీయాలి. కోపర్నికస్ బ్రౌజర్‌లో చూసేవాళ్లకు ఈ బాధ లేదు, అదే సర్దుతుంది. ఎర్త్ ఇంజిన్‌లో ‘హార్మొనైజ్డ్’ అని పేరున్న సేకరణ తీసుకుంటే అక్కడా లేదు. పూర్తి ఫైళ్లు దించుకునే నాలాంటివాళ్లకే ఈ తంటా. కొత్తవాళ్లను బ్రౌజర్‌తోనే మొదలుపెట్టమనడానికి ఇది రెండో కారణం.

మా చెరువు సంగతి

ఆ రోజు తమ్ముడి ఫోన్ పక్కన పెట్టించి ల్యాప్‌టాప్ తెరిచాను. మొదట వాడి ప్రశ్ననే మార్చాల్సి వచ్చింది. పూడిక తీస్తే పెరిగేది లోతు, వైశాల్యం కాదు. పైనుంచి చూస్తే నిండు చెరువు పూడికకు ముందూ తర్వాతా ఒకేలా ఉంటుంది. ఉపగ్రహం నీటి అడుగుకు దిగదు. చూడగలిగింది ఒకటుంది: నీళ్లు ఏ నెల దాకా నిలుస్తున్నాయి? లోతు పెరిగితే ఎండాకాలంలో ఎక్కువ రోజులు ఉండాలి కదా. ఇలా అడిగితే కావాల్సింది నిండు చెరువు ఫోటో కాదు, జనవరి నుంచి మే దాకా తరచుగా వచ్చే ఫోటోలు. అంటే ఐదు రోజుల సెంటినల్-2. పైగా ఆ నెలల్లో మబ్బుల బెడద తక్కువ.

కోపర్నికస్ బ్రౌజర్‌లో చెరువు చుట్టూ గీత గీసి, ఒక్కో సంవత్సరం నీటి మరక ఎప్పుడు మాయమైందో వాడితోనే కాగితం మీద రాయించాను. గంటలో అయిపోయింది. పూడికకు ముందు సంవత్సరాలకు ల్యాండ్‌శాట్ తెరిచాం. ఇక్కడ విస్తీర్ణం కొలవడం లేదు, మరక ఉందా లేదా అనే చూస్తున్నాం కాబట్టి కొలబద్ద మారినా ఫర్వాలేదు. 2013, 2014 వేసవుల్లో దొరికిన తేట చిత్రాలు తక్కువే, అయినా మార్చికే మరక చిక్కిపోవడం కనపడింది. ఇటీవలి కొన్ని సంవత్సరాల్లో ఏప్రిల్ దాటినా ఉంది.

“పూడికతీత పనిచేసింది అన్నా!” అన్నాడు వాడు.

వెనక నిలబడి చూస్తున్న చిన్నాయన కాగితం తీసుకుని, ఒక సంవత్సరం మీద వేలు పెట్టాడు. “ఈ ఏడు కాలువ నీళ్లొచ్చినయి బిడ్డా. వాన నీళ్లు కావు.” ఇంకో సంవత్సరం మీద పెట్టాడు. “ఇదీ అంతే.”

ఆ రెండూ కొట్టేశాం. మిగిలినవాటికి వానల అంకెలు తీసి పక్కన రాసుకున్నాం. మిగిలింది మూడు వేసవులు. వాటిలో రెండు మంచి వానల సంవత్సరాలు.

“మరి లోతు పెరిగిందో లేదో ఎట్ల తెలుస్తదే?” అన్నాడు తమ్ముడు.

“తెప్ప, తాడు, తాడుకు కట్టడానికి ఒక రాయి కావాలి” అన్నాను.

చిన్నాయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. “తెప్ప ముత్తరాశోళ్ల ఇంటికాడ ఉంటది. యాడ తీసిండ్రో, యాడ తీసినట్టు రాసుకున్నరో నాకెర్కే. పదుండ్రి.”